ఇంటివాళ్లనే మందగా తోలుతున్న కుక్కను ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరంలోని సంగతులను, ఆనవాళ్లు తీసేసి, క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. భర్త రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో పనిచేస్తూ రాత్రి ఎనిమిది దాటాక ఇల్లు చేరతారు. ఎనిమిదో తరగతి చదివే కొడుకు, ఆరేళ్ల కూతురు, మోకాళ్ల నొప్పులతో బాధపడే అత్తగారు, అందరూ మూడో అంతస్తులోని అపార్ట్‌మెంటులో ఉంటారు. ఫోనులో వీడియోలు చూసి కొడుకు ముచ్చటపడితే, తండ్రి ఏడాది కిందట బెంగళూరులోని బంధువు ద్వారా ముప్పై వేలు పెట్టి, బోర్డర్ కొలీ అనే గొర్రెలు కాసే జాతి కుక్కపిల్లను తెప్పించారు. పేరు మింటూ. ఇప్పుడు దానికి పద్నాలుగు నెలలు.

కూతురు హాలులో పరుగెత్తిందంటే చాలు, మింటూ నేలకు ఒదిగి, రెప్ప వేయకుండా చూసి, ఆ పిల్ల చుట్టూ తిరిగి మడమలు అందుకుంటుంది. రోడ్డు మీద ఆటోలు, స్కూటర్లు కనబడితే వాటి మీదికి దూకుతుంది. అలా లాగిన ఒక ఉదయం ఆమె కింద పడి మణికట్టు వాచింది. అత్తగారు పూజగదికి బయలుదేరితే అడ్డం వచ్చి, ఆవిడను మెల్లగా బాల్కనీ వైపు మళ్లిస్తుంది. గోడ మీద ఫ్యాను నీడను అరగంటసేపు చూస్తూ కూర్చుంటుంది. ఒక శిక్షకుడు వచ్చి మెడకు బిగుసుకునే గొలుసు వేసి, గుర్రుమన్నప్పుడల్లా గట్టిగా లాగమని చెప్పి వెళ్లాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే, మూడు వారాల కిందట, సెల్లార్‌లో పరుగెత్తుతున్న కింది అంతస్తు బాబు పిక్క పట్టుకుంది. రెండు పళ్లు దిగాయి. అపార్ట్‌మెంటు సంఘం నోటీసు ఇచ్చింది. పలమనేరు దగ్గర అరవై మేకలున్న తన పెద్దనాన్నగారి కొడుకు దగ్గరికి పంపేద్దామని, అక్కడైతే దానికి పని దొరుకుతుందని భర్త అంటున్నారు. ఆ మాట విన్న రోజు నుంచి కొడుకు సరిగా అన్నం తినడం లేదు. దీపం పెట్టే ఇంట్లో కుక్కేమిటని మొదటి నుంచీ విసుక్కునే అత్తగారు, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు బాల్కనీలో దానికి పెరుగన్నం పెడుతున్నారట. “దాని మీద ప్రాణం పెట్టుకున్నదీ నేనే, దాన్ని భరించలేకపోతున్నదీ నేనే. ఇచ్చేస్తే పాపమా? ఉంచుకుంటే ఎలా?” అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మిగతా విషయాలకన్నా ముందు ఆ బాబు కాటు గురించి మాట్లాడుకోవాలి. మింటూకు టీకాలు వేయించామని రాశారు గాని, ఆ బాబుకు ఏం చేయించారో రాయలేదు. కరిచిన కుక్క పది రోజుల పాటు ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబీస్ సోకలేదని వైద్యులు నిర్ధారిస్తారు. మూడు వారాలు గడిచినా మింటూ ఆరోగ్యంగానే ఉంది కనుక ఆ భయం తీరినట్టే. అయినా బాబును ఒకసారి వైద్యులకు చూపించమని, ఖర్చు మేమే పెట్టుకుంటామని ఆ తల్లిదండ్రులకు మీరిద్దరూ కలిసి వెళ్లి చెప్పండి. ఇకముందు ఏ కుక్క పన్ను ఎవరికి దిగినా, ఇంటి కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఊరుకోకూడదు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకా రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుంది. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబీస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా అవసరమవుతుంది, ఆ సంగతి అడగడం మరవకండి.

ఇక మింటూ సంగతి. మీ ఉత్తరంలో అది చేస్తున్నవాటిని వేర్వేరు తప్పులుగా రాశారు. నాకు మాత్రం అన్నీ ఒకే పనిగా కనిపిస్తున్నాయి. వేటాడే జంతువు ముందు చూపు నిలుపుతుంది, నక్కి ముందుకు సాగుతుంది, తరుముతుంది, పట్టుకుంటుంది, చివరికి చంపుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెలు కాసేవారు తరాల తరబడి ఈ వరుసలో మొదటి మూడింటిని బాగా పెంచి, చివరి రెండింటిని అణచగలిగినంత అణచి ఈ జాతిని తయారుచేసుకున్నారు. 1893లో నార్తంబర్లాండ్‌లో ఆడం టెల్ఫర్ అనే గొర్రెల పెంపకందారు దగ్గర పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. ఆ కుక్క అరుపులూ కాట్లూ లేకుండా, ఒదిగి నడిచే తీరుతోనూ చూపుతోనూ మందను కదిలించేదట. ఆ పనితనాన్ని చూసే దాని సంతానాన్ని కోరి పెంచారు. 1906లో అక్కడ ఏర్పడిన గొర్రెల కుక్కల సంఘం కూడా చాలాకాలం రూపం కన్నా పనినే కొలతగా పెట్టుకుంది. మీ హాలులో మీ పాప పరుగెత్తినప్పుడు మింటూ తల భుజాల కన్నా కిందికి దించి, ఒక ముందుకాలు గాలిలోనే ఆపి చూసే చూపు అక్కడి నుంచి వచ్చింది. దాని లెక్కలో పాప మందలోంచి విడిపోయిన గొర్రెపిల్ల. స్కూటరు కూడా అంతే, సెల్లార్‌లోని బాబు కూడా అంతే. కోపంతో గాని పగతో గాని అది ఆ పని చేయలేదు.

అయితే ఇది విని మీ ఇంట్లో ఎవరూ ఊరట పడకూడదు. కోపం లేని పన్ను కూడా పిల్లల చర్మంలోకి అంతే లోతుగా దిగుతుంది. పైగా తరమడం అనే పనిలో కుక్కకు విడిగా ఏ బహుమానమూ అక్కరలేదు, తరమడమే దానికి బహుమానం. ఒక్కో స్కూటరు వెంట పడిన కొద్దీ ఆ అలవాటు మరింత గట్టిపడుతుంది. అందుకే “పెరిగితే అదే మానుకుంటుంది” అని మీ బంధువు చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. ఈ జాతి కుక్కకు నిలకడ రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఆలోపు ఏది సాధన చేస్తే అదే నిలుస్తుంది.

ఆ శిక్షకుడి గొలుసును ఈ రోజే తీసేయండి. గుర్రుమనడం కుక్క చేసే హెచ్చరిక. హెచ్చరించినప్పుడల్లా మెడ బిగిస్తే, అది హెచ్చరించడం మానేస్తుంది గాని ఇబ్బంది పడటం మానదు. అంతకుముందు ఎన్నడూ పన్ను దింపని కుక్క, గొలుసు వేసిన కొద్ది రోజులకే గుర్రుమనకుండా నేరుగా పిక్క పట్టుకుందని మీరే రాశారు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను గట్టిగా అనుమానిస్తున్నాను. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వాడండి. మెట్ల మీద, లిఫ్టులో, సెల్లార్‌లో ఉన్నంతసేపూ బుట్టలా ఉండి నోరు తెరిచి రొప్పడానికి వీలిచ్చే చిక్కం వేయండి. దుకాణాల్లో మజిల్ అని అడిగితే ఇస్తారు. దాని లోపల చికెన్ ముక్క పెట్టి, తానే మూతి దూర్చేలా కొన్ని రోజులు అలవాటు చేశాక తొడగాలి. సంఘం నోటీసుకు మీరు ఇవ్వగల సరైన సమాధానం కూడా ఇదే. పెంపుడు జంతువులను ఉంచుకోకూడదని నిషేధించే అధికారం అపార్ట్‌మెంటు సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల్లో ఉంది. ఆ కాగితం చూపించి వాదనకు దిగడం కన్నా, కుక్క చిక్కంతో తప్ప కిందికి రాదని, పిల్లలు ఆడుకునే వేళల్లో అసలు రాదని రాసి ఇవ్వడం మీకూ మర్యాద, ఆ తల్లిదండ్రులకూ ధైర్యం.

ఇప్పుడు మీరు చేస్తున్న శ్రమ దగ్గరికి వద్దాం. ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు తిప్పుతున్నాననీ, అది చాలడం లేదనీ, ఇంకా ఎక్కువ పరుగెత్తించలేకపోతున్నాననీ మిమ్మల్ని మీరు నిందించుకున్నారు. నడక కొంత పెరగాల్సిందే గాని, పరుగుతోనే దీన్ని అలసిపోయేలా చేయాలనుకుంటే మీరు ఓడిపోతారు. రోజూ ఎక్కువ పరుగెత్తించిన కొద్దీ దాని దమ్ము పెరుగుతుందే తప్ప మనసు కుదుటపడదు. గంటసేపు బంతి విసరడం అంతకన్నా చెడ్డది, ఎందుకంటే తరమడం అనే ఒక్క పనినే అది వందసార్లు సాధన చేసినట్టవుతుంది. మింటూకు కావలసింది బుర్రతో చేసే పని, ఆ పని తర్వాత నిజమైన విశ్రాంతి. అమెరికాలో జాన్ పిల్లీ అనే విశ్రాంత మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు చేజర్ అనే బోర్డర్ కొలీకి 1,022 బొమ్మల పేర్లు నేర్పిన సంగతి 2011లో పరిశోధన పత్రంగా వెలువడింది. చాలామంది ఆ అంకె చూసి కుక్క తెలివికి ఆశ్చర్యపోతారు. నా దృష్టి మాత్రం ఆయన దానికి మూడేళ్ల పాటు రోజుకు నాలుగైదు గంటలు పని కల్పించారన్న విషయం మీదే నిలిచింది. మీ ఇంట్లో అన్ని గంటలు ఎవరికీ లేవు, అవసరం కూడా లేదు. పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు, నాలుగు సార్లు పని దొరికితే చాలావరకు మార్పు కనిపిస్తుంది.

ఆ పని ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. పాత తువ్వాలు పరిచి, దాని మీద రోజూ పెట్టే గింజల మేతలో గుప్పెడు చల్లి, చాపలా చుట్టి ముడి వేయండి. మింటూను వంటగది గడప అవతల కూర్చోబెట్టి, తువ్వాలును సోఫా వెనుక దాచి, “వెతుకు” అని ఒక్కసారి మాత్రమే చెప్పండి. మొదటి రోజు అది మీ చేతుల వంక చూస్తుంది. నాలుగైదు రోజులకు ముక్కు నేలకు ఆనించి గది అంచుల వెంట వెతుకుతుంది. ముడి విప్పడానికి కాలితో తొక్కిపట్టి పళ్లతో లాగడం తానే కనిపెడుతుంది. వాసన పట్టే పనిలో కుక్క ఎంతగా మునిగిపోతుందంటే, పావుగంట తర్వాత తనంతట తానే పడుకుంటుంది. ఇంటినిండా ఇలాంటి పనులే పెట్టవచ్చు. చెప్పులు జతగా తెచ్చివ్వడం, పేరు చెప్పిన బొమ్మనే పట్టుకురావడం, సంచి మోయడం, పెద్ద రబ్బరు బంతిని ముక్కుతో నెట్టి గీత దాటించడం. ఈ చివరి ఆట, మంద దొరకని కాపరి కుక్కల కోసం జర్మనీలో మొదలైంది. గిన్నెలో ఊరికే మేత పోయడం మానేసి, దాని రోజువారీ తిండి మొత్తం ఇలాంటి పనులకు కూలిగా ఇవ్వండి.

విశ్రాంతి కూడా నేర్పవలసిందే. ఎదిగిన కుక్క రోజులో పన్నెండు, పద్నాలుగు గంటలు నిద్రపోవాలి. మీ ఇంట్లో కుక్కర్ కూత, కాలింగ్ బెల్లు, పాప పరుగు, టీవీ, ఇవన్నీ మింటూను కాపలా మీదే ఉంచుతున్నాయి. ఒక మూల దుప్పటి పరిచి, దాని మీద పడుకుని కదలకుండా ఉన్నప్పుడల్లా ఏమీ మాట్లాడకుండా ఒక మేత గింజ ముందు పెట్టి వెళ్లిపోండి. పాప ఆడుకునే సమయంలో చిన్న గేటు అడ్డం పెట్టి, మింటూను ఇవతల గదిలో నమిలే వస్తువుతో ఉంచండి. పాపకు ఒకటే నేర్పండి: మింటూ వెంటపడితే అరవకూడదు, పరుగెత్తకూడదు, చేతులు కట్టుకుని చెట్టులా నిలబడాలి. కదలిక ఆగిపోతే దాని ఆట ఆగిపోతుంది. అయినా ఆరేళ్ల పిల్లనూ ఈ కుక్కనూ పెద్దవాళ్లు లేకుండా ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

ఫ్యాను నీడ సంగతి చిన్నదిగా రాశారు గాని, నాకు దాని గురించే ఎక్కువ బెంగగా ఉంది. పని లేని బోర్డర్ కొలీలకు నీడలు, వెలుతురు మచ్చలు వెంటాడే జబ్బు పట్టుకుంటుంది. ఒకసారి ముదిరితే తిండి మానేసి గోడ చూస్తుంటాయి. మీ అబ్బాయి లేజర్ లైటుతో ఆడిస్తుంటే ఆ లైటును పారేయండి. మధ్యాహ్నం వేళ తెరలు వేయండి. నీడ వైపు చూపు నిలిపిన క్షణంలోనే, తిట్టకుండా, పేరు పిలిచి వేరే పనిలో పెట్టండి. నెలలో తగ్గకపోతే అది వైద్యం చేయించాల్సిన విషయం.

తిరుపతి ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా మన ఊరి రోడ్లు చీకటి పడ్డాక కూడా చాలాసేపు సెగ కక్కుతుంటాయి. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. మిగతా వేడినంతా రొప్పుతూ బయటికి పంపాలి. అరచేతి వెనుక భాగాన్ని తారు మీద ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్కను నడిపించకూడదు. ఉదయం ఐదున్నరకు ముందు, రాత్రి తొమ్మిది తర్వాత నడిపించండి. ఆ వేళల్లో ఆటోలూ తక్కువే కనుక మీ మణికట్టుకూ మేలు. వేసవి కదా అని బొచ్చు గొరిగించవద్దు. రెండు పొరల ఆ బొచ్చు ఎండను కూడా ఆపుతుంది, వారానికి మూడుసార్లు దువ్వితే చాలు. చిగుళ్లు ఇటుక రంగుకు మారి, చొంగ కారుస్తూ తూలితే అది వడదెబ్బ. ముందు ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాను కింద ఉంచి, చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చల్లగా ఉంటుందని కపిలతీర్థం, విశ్వవిద్యాలయాల వైపు కొండ అంచుకు తీసుకువెళ్లి గొలుసు విప్పడం మాత్రం వద్దు. ఆ ప్రాంగణాల దాకా చిరుతలు వచ్చిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, కుక్క వాటికి సులువుగా దొరికే ఆహారం.

తిరుపతిలో ఉండటం వల్ల మీకొక సౌకర్యం ఉంది. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగంగా, మీ ఊళ్లోనే ఉంది. ప్రవర్తన మార్చే ప్రయత్నం మొదలుపెట్టే ముందు అక్కడి వైద్యశాలలో మింటూను పూర్తిగా పరీక్ష చేయించండి. తుంటి నొప్పి ఉన్న కుక్క, పిడుదుల వల్ల వచ్చే జ్వరం లోపల ఉన్న కుక్క చిరాకుగా ఉంటుంది, దాన్ని మనం పొగరనుకుంటాం. పిడుదులకు, గజ్జికి ఐవర్‌మెక్టిన్ సూది వేస్తామని ఎవరైనా అంటే, ఇది కొలీ వంశపు కుక్క అని ముందే చెప్పండి. ఈ వంశంలోని కొన్ని కుక్కలకు జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి వస్తుంది. బోర్డర్ కొలీల్లో ఆ లోపం తక్కువే అయినా అడగడంలో నష్టం లేదు. ఇంకొక మాట మన ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ప్రసాదమే కదా అని లడ్డూ పెట్టవద్దు. అందులోని ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలూ పనికిరావు.

పెరుగన్నం దగ్గరికి వస్తున్నాను. మింటూ మీ అత్తగారిని పూజగది నుంచి బాల్కనీ వైపే ఎందుకు మళ్లిస్తోందని మీరు ఆశ్చర్యపోయారు. మధ్యాహ్నం పెరుగన్నం గిన్నె కనిపించేది బాల్కనీలోనే కదా! ఆవిడను అక్కడికి చేరిస్తే అన్నం వస్తుందని అది నేర్చుకుంది, ఆవిడకు తెలియకుండానే ఆవిడ దానికి ఆ పాఠం చెప్పారు. ఈ విషయాన్ని తప్పు పట్టినట్టుగా కాకుండా, మీ చేతి అన్నం కోసమే అది అలా చేస్తోందత్తయ్యా అని ఆవిడకు చెప్పి చూడండి. దుప్పటి మీద పడుకున్నప్పుడు మాత్రమే ఆ గిన్నె ఇస్తానని ఆవిడ ఒప్పుకుంటే, మింటూ వారం, పది రోజుల్లో ఆవిడ కాళ్లకు అడ్డం రావడం మాని దుప్పటి వైపు పరుగెత్తుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఈ కుక్క తగిలి పడితే తుంటి విరగవచ్చు కనుక ఇది సరదాగా తీసుకోవలసిన విషయం కాదు. పూజగదికి గేటు పెట్టి, కుక్క ఆ గడప దాటదని ఆవిడకు మాట ఇవ్వండి. ఆవిడ మడిని ఇల్లంతా గౌరవిస్తోందని తెలిస్తే, ఆవిడ కుక్కకు శత్రువుగా ఉండరని పెరుగన్నమే చెబుతోంది.

ఇక మీరు రాయకుండా వదిలేసిన ఒక విషయం ఉంది. కుక్క కావాలన్నది మీ అబ్బాయి, తెచ్చింది మీవారు, వద్దన్నది మీ అత్తగారు. ఉదయం తిప్పడం, టీకాలు, బొచ్చు ఊడ్వడం, కింది అంతస్తువారికి క్షమాపణలు చెప్పడం మీ వంతు. ఇప్పుడు ఉంచాలా పంపాలా అనే నిర్ణయం, దాని పాపం కూడా మీ మీదే పడ్డాయి. పని లేక సతమతమయ్యే కుక్క ఒకటి, పని ఎక్కువై సతమతమయ్యే మనిషి ఒకరు ఒకే ఇంట్లో ఉన్నారు. కాబట్టి మీ భర్తతో, మీ అబ్బాయితో కూర్చుని, పైన చెప్పిన పనుల్లో ఏది ఎవరిదో కాగితం మీద రాయమని నా సలహా. రాత్రి ఆలస్యంగా వచ్చే మనిషికి తొమ్మిది తర్వాతి నడక కష్టమే, కాని అసాధ్యం కాదు. పదమూడేళ్ల అబ్బాయి బడి నుంచి వచ్చాక వెతికించే ఆట, పేర్లు నేర్పే ఆట తన బాధ్యతగా తీసుకోగలడు. ఆ కాగితం మీద అన్ని పనుల ఎదురుగా మళ్లీ మీ పేరే వస్తే, దాన్నిబట్టి ఒక జవాబు వచ్చినట్టే.

పనులు పంచుకోగలిగితే, ఎనిమిది వారాలు గడువు పెట్టుకుని ప్రయత్నించండి. మణికట్టు నయమయ్యే దాకా నడక మీరు చేయకండి. రోడ్డు మీద స్కూటరును చూసి మింటూ దూకకుండా ఉండగలిగే దూరం ఎంతో కనిపెట్టి, అంత దూరంలోనే నిలబడి, అది చూసి మళ్లీ మీ వైపు తిరిగిన ప్రతిసారీ చికెన్ ముక్క ఇస్తూ, వారాల తరబడి ఆ దూరం తగ్గించుకుంటూ రావాలి. ఇది విసుగు పుట్టించే పని, మధ్యలో వెనక్కి జారే రోజులూ ఉంటాయి. ఎనిమిది వారాల్లో కుక్క మారిపోదు. పాప మడమల జోలికి పోవడం తగ్గిందా, ఇంట్లో పగలు నిద్రపోతోందా, మీ ఇంట్లో మాటలు కాస్త నెమ్మదించాయా అన్నవి చూడండి. అవి మెరుగైతే మిగతాది ఏడాదిలో వస్తుంది. చిక్కం, గేటు, నిఘా ఉన్నా మళ్లీ ఏ పిల్లకో పన్ను దిగితే మాత్రం గడువు చూడకుండా ఆపేయాలి.

మీవారు చెప్పిన పలమనేరు దారి వినడానికి ఎంతో న్యాయంగా ఉంది: కాపరి కుక్క, మేకల మంద, తిరుపతి కన్నా చల్లని ఊరు. కాని మందను తోలడం ఈ కుక్కకు పుట్టుకతో వచ్చేది సగమే, మిగతా సగం అనుభవమున్న మనిషి ఏడాది, రెండేళ్లు నేర్పితే వస్తుంది. మన దగ్గర మందల వెంట తిరిగే ఊరకుక్కలు ఎక్కువగా కాపలాకే పనికొస్తాయి, మేకలను తోలేది మనిషి నోటి అదిలింపూ చేతి కర్రా. ఏమీ నేర్వని మింటూను అరవై మేకల మధ్య వదిలితే చూడి మేకలను తరిమి చూలు పోయేలా చేస్తుంది, కంచె మూలకు నెట్టి ఏదో ఒక పిల్లను పడుతుంది. నష్టపోయిన మనిషి మరునాడే దాన్ని గుంజకు కట్టేస్తాడు. అపార్ట్‌మెంటు హాలు కన్నా గుంజ నరకం. అయితే ఆ బావగారికి కుక్కలంటే ఇష్టమూ, నేర్చుకునే ఓపికా ఉంటే నా మాట వేరు. రాత్రి ఎక్కడ పడుకోబెడతారు, పొలం మందులు ఎక్కడ ఉంచుతారు, మొదటి మూడు నెలలు పొడవాటి తాడు మీదే ఉంచగలరా, ఏటా టీకా ఎవరు వేయిస్తారు అని మీవారే వెళ్లి అడిగి, రెండు రోజులు మింటూతో అక్కడ ఉండి చూసి రావాలి. “పంపించేయండి, చూసుకుంటాం” అన్న ఒక్క మాట మీద పంపవద్దు.

వేరే కుటుంబానికి ఇవ్వడం మూడో దారి. చిన్నపిల్లలు లేని, ఇలాంటి జాతిని ఇదివరకు పెంచిన, కుక్కతో ఆటల పోటీలకు వెళ్లే ఇల్లు బెంగళూరులోనో చెన్నైలోనో దొరికితే మింటూకు అంతకన్నా మంచిది లేదు. దీనికి నెలలు పట్టవచ్చు. ఊరికే ఇస్తామని ప్రకటన వేస్తే పిల్లలు పెట్టించి అమ్ముకునేవారు ముందు వస్తారు, అందుకే ఇచ్చే ముందు బీజాలు తీయించే శస్త్రచికిత్స చేయించండి. కరిచిన సంగతి దాచకుండా చెప్పండి. కుదరకపోతే మళ్లీ మీకే అప్పగించాలని రాయించుకోండి. ఎవరూ దొరకలేదని రోడ్డు మీద వదిలేయడం దారి కాదు. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

పాపమా అని అడిగారు. దాన్ని సరిగ్గా చూసుకోగల మనిషిని వెతికి, అన్నీ చెప్పి అప్పగిస్తే పాపం కాదు. మీ ఆరోగ్యం, పాప క్షేమం పణంగా పెట్టి ఉంచుకోవడం పుణ్యమూ కాదు. నాకు మాత్రం ముందు ఆ ఎనిమిది వారాలు ప్రయత్నించమనే అనిపిస్తోంది, ఎందుకంటే మింటూకు ఇప్పటిదాకా మీ ఇంట్లో పని దొరకనే లేదు, దొరికితే ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. దానితో పాటే రెండో, మూడో దారుల గురించి విచారించడమూ మొదలుపెట్టండి. అప్పుడు గడువు ముగిసే నాటికి చేతిలో ఏదో ఒక దారి ఉంటుంది.

మీ అబ్బాయికి ఈ గడువు గురించి ఈ రోజే చెప్పండి. ఏ నిర్ణయమైనా వాడు బడిలో ఉండగా జరగదని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇవ్వవలసి వస్తే కొత్త ఇల్లు చూడటానికి వాడినీ తీసుకువెళ్లండి. వాడు అన్నం మానేయడం మొండితనం కాదు, తన చేతుల్లో ఏదీ లేదన్న దిగులు. వాడి చేతికి నిజమైన పని ఇస్తే ఆ దిగులు కొంత తగ్గుతుంది. ఆలస్యం మాత్రం చేయకండి. బ్రహ్మోత్సవాలకు మీ ఇల్లు బంధువులతో, వారి పిల్లలతో నిండిపోతుందని రాశారు. అంతమంది పిల్లలు ఒకేసారి హాలులో పరుగెత్తక ముందే దుప్పటి, గేటు, చిక్కం మింటూకు అలవాటై ఉండాలి.